రాత్రంతా ముట్టుకోకపోయినా ఫోన్ బ్యాటరీ మూడో వంతుకు పైగా దిగిపోతోంది: కారణం ఎలా కనిపెట్టాలి?

కొండబడి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. జూన్‌లో బదిలీ మీద ఇక్కడికి వచ్చి, బడికి దగ్గరలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. కుటుంబం అనకాపల్లిలో ఉంటుంది. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లి సోమవారం తెల్లవారుజామున బయలుదేరి వస్తాను.

నా ఫోన్ కొని మూడేళ్ల రెండు నెలలయింది. ఆండ్రాయిడ్ ఫోన్, రెండు సిమ్‌లు, 5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ. మే నెల వరకు పొద్దున ఆరింటికి నిండా ఛార్జి ఉంటే రాత్రి పదింటికి ఇంకా 30 శాతం మిగిలేది. ఇప్పుడు మధ్యాహ్న భోజనం వేళకే ఛార్జర్ వెతుక్కోవలసి వస్తోంది. అంతకంటే వింతగా ఉన్నది రాత్రి సంగతి. వరుసగా ఐదు రాత్రులు తొమ్మిదింటికి 100 శాతం చేసి, తీగ తీసి, ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను. తెల్లవారి ఐదింటికి చూస్తే 62, 64, 59, 63, 61. ఎనిమిది గంటల్లో సగటున 38 శాతం, అంటే 1900 మిల్లీ ఆంపియర్ అవర్, గంటకు దాదాపు 237. ఎవరూ ముట్టుకోని ఫోన్ ఇంత ఎక్కడ ఖర్చు చేస్తోందో నాకు అంతుబట్టడం లేదు.

జూన్ మూడో వారంలో ఫోన్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చింది, తేడా మొదలైనదీ సుమారుగా అప్పుడే. అందుకని డార్క్ మోడ్ పెట్టాను, వెలుగు తగ్గించాను, లొకేషన్ ఆపాను, రెండు ఆటలు తీసేశాను, గంటకోసారి తెరిచి ఉన్న యాప్‌లన్నీ పక్కకు తోసేస్తున్నాను, బ్యాటరీ ఆదా చేస్తుందని చెప్పే ఒక యాప్ కూడా వేసుకున్నాను. పెద్దగా మార్పు రాలేదు. మా సహోద్యోగి ఒకరు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టమన్నారు. పిల్లల వివరాలు, ఫోటోలు చాలా ఉన్నందున జంకుతున్నాను.

ఇది నాకు సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయం కాదు. గాలివాన వస్తే ఇక్కడ కరెంటు ఎప్పుడు తిరిగి వస్తుందో చెప్పలేము. గత నెలలో హాస్టల్ పిల్లవాడికి జ్వరం ఎక్కువై, వాళ్ల నాన్నగారితో మాట్లాడుతూ ఉండగానే ఫోన్ ఆరిపోయింది. అప్పటికి బ్యాటరీ 18 శాతం చూపిస్తోంది. తప్పు అప్‌డేట్‌దా, బ్యాటరీదా, మరేదైనా ఉందా? దేనినీ మార్చకముందే కారణం తెలుసుకునే మార్గం ఉంటే చెప్పగలరు.

పరీక్షల పని, హైదరాబాద్

మాస్టారూ, ముందుగా రీసెట్ ఆలోచన ఆపండి. కారణం తెలియకుండా రీసెట్ చేస్తే, ఒకవేళ తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, తగ్గకపోతే ఫోటోలు పోయి తలనొప్పి మిగులుతుంది. నేను మొబైల్ యాప్‌లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. ఇలాంటి ఫిర్యాదులలో చాలా భాగం మా వంటి వాళ్ల పొరపాట్ల వల్లే వస్తాయని ఒప్పుకుంటూనే, మీ విషయంలో అప్‌డేట్ మీద నాకు అంతగా అనుమానం లేదని చెబుతాను.

పెద్ద అప్‌డేట్ తర్వాత ఫోన్ యాప్‌లన్నింటినీ కొత్త వ్యవస్థకు తగినట్టు మళ్లీ తయారు చేసుకుంటుంది, ఫోటోలను, ఫైళ్లను మళ్లీ సూచిక కడుతుంది. ఆ రెండు మూడు రోజులు వేడెక్కడం, బ్యాటరీ తరగడం మామూలే. మీకు ఆరు వారాలు దాటాయి. అప్‌డేట్‌తో ఏదైనా యాప్‌కు వెనుక నిరాటంకంగా నడిచే అనుమతి తిరిగి వచ్చి ఉండవచ్చు, దాన్ని మాత్రం చూడవలసిందే.

బ్యాటరీ ఆదా యాప్‌ను ఈ రోజే తీసేయండి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి కదలకుండా పడి ఉన్న ఫోన్‌ను గాఢనిద్రలోకి పంపే ఏర్పాటు వ్యవస్థలోనే ఉంది. మీరు వేసిన యాప్ ఇతర యాప్‌లను చంపుతూ ఉంటుంది, అవి మళ్లీ లేస్తూ ఉంటాయి, ఆ లేవడానికి అయ్యే ఖర్చు ఊరికే పడి ఉండడానికి అయ్యే ఖర్చు కంటే ఎక్కువ. గంటకోసారి యాప్‌లను పక్కకు తోయడం కూడా అంతే. డార్క్ మోడ్ గురించి 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు ఓఎల్‌ఈడీ తెరల మీద, అంటే ప్రతి చుక్కా తానే వెలిగే తెరల మీద, కొలిచి చూశారు. వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు దానివల్ల ఆదా అయ్యేది 3 నుంచి 9 శాతమే అని తేలింది. పూర్తి వెలుగు మీద అయితే 39 నుంచి 47 శాతం. మీది ఎల్‌సీడీ తెర అయితే వెనుక దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది కనుక ఆ కాస్త లాభమూ ఉండదు. ఏ తెర అయినా రాత్రి ఆరిపోయి ఉన్న ఎనిమిది గంటల ఖర్చుతో దానికి సంబంధం లేదు.

నాకు మూడు సంగతులు చెప్పండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ అనే చోట వినియోగం చూపించే పట్టికలో పై నాలుగు వరుసలు ఏవి? తెల్లవారుజామున చేతిలోకి తీసుకుంటే ఫోన్ చల్లగా ఉంటోందా, గోరువెచ్చగా ఉంటోందా? ఆదివారం అనకాపల్లిలో కూడా ఇలాగే దిగిపోతోందా?

కొండబడి

మేడమ్ గారికి ధన్యవాదాలు. ఆదా యాప్ తీసేశాను. పట్టికలో అన్నింటి కంటే పైన 31 శాతంతో మొబైల్ నెట్‌వర్క్ అని ఉంది. దాని కింద ఫోటోలను ఇంటర్నెట్‌లో భద్రపరిచే బ్యాకప్ యాప్, తర్వాత తెర, ఆ తర్వాత వాట్సాప్. తెల్లవారుజామున ఫోన్ గోరువెచ్చగానే ఉంటోంది. ఇన్నాళ్లూ దిండు పక్కన ఉండడం వల్ల అనుకున్నాను.

మూడో ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. అనకాపల్లిలో ఎప్పుడూ కొలవలేదు. మా ఇంటావిడను అడిగితే ఆదివారం మీరు ఛార్జర్ సంచిలోంచి తీయనే తీయరు కదా అన్నారు. సెలవు రోజు ఫోన్ తక్కువ వాడతాను కాబట్టి అలా జరుగుతోందని నా అంతట నేనే సరిపెట్టుకున్నాను. బదిలీ కూడా జూన్‌లోనే జరిగిందన్న సంగతి నాకు తట్టనే లేదు.

టవర్ పని, విజయనగరం

మాస్టారూ, మీరు చివర రాసిన వాక్యంలోనే చాలా వరకు జవాబు ఉంది. పదిహేనేళ్లుగా సెల్ టవర్ల నిర్వహణలో ఉన్నాను, పాడేరు వైపు కొండల్లోనూ పనిచేశాను. అక్కడికి కొత్తగా వచ్చిన ఉద్యోగులందరూ ముందు ఫోన్‌నే అనుమానిస్తారు. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే లోపల ఏం జరుగుతోందో తెలిస్తే పరీక్ష ఎలా చేయాలో మీకే తెలిసిపోతుంది.

సిగ్నల్ బాగా ఉన్న చోట పడి ఉన్న ఫోన్ దాదాపు నిద్రపోతూనే ఉంటుంది. నాకేమైనా పిలుపు ఉందా అని మాత్రం సెకనుకో, రెండు సెకన్లకో ఒకసారి చెవి తెరిచి టవర్ మాట విని మళ్లీ నిద్రపోతుంది. మన 4జి నెట్‌వర్క్‌లలో ఈ విరామం సాధారణంగా 1.28 సెకన్లు. వినడానికి పెద్దగా ఖర్చు కాదు. ఖర్చంతా ఫోన్ తాను మాట్లాడవలసి వచ్చినప్పుడే. అంచున ఉన్న సిగ్నల్‌లో ఫోన్ టవర్‌ను పోగొట్టుకుంటుంది, అన్ని పౌనఃపున్యాల్లోనూ వెతుకుతుంది, దొరికిన దానితో తాను ఫలానా అని మళ్లీ నమోదు చేసుకుంటుంది, పది నిమిషాలకు దాన్నీ పోగొట్టుకుంటుంది. బొత్తిగా సిగ్నల్ లేని చోటు కంటే ఇలా వచ్చిపోయే చోటే చాలా సార్లు ఎక్కువ నష్టం చేస్తుంది. అసలు దొరకకపోతే ఫోన్ కొంతసేపటికి వెతకడం మధ్య విరామం పెంచుతుంది. దొరికి జారిపోతూ ఉంటే దానికి ఆ విశ్రాంతి కూడా ఉండదు.

సిగ్నల్ గీతలను నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా గీస్తుంది. అంకె చూడండి. సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి అనే చోట సిమ్ స్థితి తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం (dBm) అనే కొలతలో ఉంటుంది. చాలా ఫోన్లలో *#*#4636#*#* అని డయల్ చేసినా కనిపిస్తుంది. అక్కడ చూడడం వరకే, తక్కిన మీటలు ముట్టుకోవద్దు. ఆ అంకెలు రుణాత్మకంగా ఉంటాయి. 4జిలో మైనస్ 85 అంటే బాగుంది, మైనస్ 110 అంటే బలహీనం, మైనస్ 120 దగ్గర మాట నిలవడమే కష్టం. మీరు లెక్కల మాస్టారు కనుక దీని లోతు మీకు వెంటనే తెలుస్తుంది. ప్రతి 10కీ శక్తి పది రెట్లు మారుతుంది. అంటే మైనస్ 85 ఉన్న అనకాపల్లి ఇంటికీ, మైనస్ 115 ఉన్న కొండ కింది గదికీ మధ్య తేడా వెయ్యి రెట్లు. ఆ దూరాన్ని పూడ్చడానికి ఫోన్ తన గొంతు పెంచుతుంది. మామూలు 4జి ఫోన్ పెంచగల గరిష్ఠ హద్దు 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. బయటకు వెలువడేది అంతే అయినా, దాన్ని పుట్టించే యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. మీ చేతికి తగిలిన గోరువెచ్చదనం అదే.

దీనికి తోడు మీ బ్యాకప్ యాప్. బలహీనమైన సిగ్నల్‌లో సమాచారం పంపే వేగం పడిపోతుంది, కాబట్టి అనకాపల్లిలో కొన్ని సెకన్లలో వెళ్లిపోయే ఫోటోకు ఇక్కడ నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలన్నీ గొంతు చించుకున్నట్టే. మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ ప్రయత్నం. రాత్రంతా అదే పని జరుగుతూ ఉండవచ్చు. రెండు సిమ్‌లు ఉన్న ఫోన్ ఈ వెతుకులాటను రెండు నెట్‌వర్క్‌ల కోసం విడివిడిగా చేస్తుందని కూడా గుర్తుంచుకోండి. మీ రెండో సిమ్ కంపెనీకి మీ ఊళ్లో టవర్ ఉందా?

ఇక పరీక్ష. నాలుగు రాత్రులు పడుతుంది, ఒక్కో రాత్రి ఒక్కటే మార్చండి. మొదటి రాత్రి విమానం గుర్తు నొక్కి, వైఫై కూడా ఆపి పడుకోండి. అలారం మోగుతుంది గాని కాల్స్ రావు, కాబట్టి అవసరానికి మరో ఫోన్ దగ్గర ఉంచుకోండి. రెండో రాత్రి మొదటి సిమ్ ఒక్కటే, మూడో రాత్రి రెండో సిమ్ ఒక్కటే. నాలుగో పరీక్ష శనివారం రాత్రి అనకాపల్లిలో, ఏమీ మార్చకుండా రెండు సిమ్‌లతో. విమానం మోడ్‌లో కూడా 38 శాతం దిగితే నేను రాసినదంతా మీ విషయంలో తప్పు, దోషం యాప్‌లలోనో బోర్డులోనో ఉన్నట్టు. రెండు మూడు శాతమే దిగితే యాప్‌ల మీద, అప్‌డేట్ మీద అనుమానం చాలా వరకు వదిలేయవచ్చు.

ఉపకేంద్రం, తిర్యాణి

నేను కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఏఎన్ఎంగా పని చేస్తున్నాను. మాస్టారి కష్టం నాకు పూర్తిగా తెలుసు. మా గూడేలలో తిరిగే రోజుల్లో ఫోన్ మధ్యాహ్నానికే చేతులెత్తేసేది. పైన అన్నగారు చెప్పిన దానికి అనుభవంతో రెండు మాటలు కలుపుతాను.

ఎవరో చెప్పారని నేను రెండు సిమ్‌లనూ 2జి మాత్రమే అని పెట్టాను. ఒకదానికి బ్యాటరీ నిజంగానే నిలిచింది, కాల్స్ కూడా బాగా వచ్చాయి. రెండోది 4జితోనే మొదలైన కంపెనీది, దానికి 2జి లేనే లేదు. ఆ సంగతి తెలియక రెండు రోజులు ఆ నంబరుకు ఒక్క కాల్ కూడా రాలేదు. ఆ రెండు రోజుల్లో నెలలు నిండిన ఒక ఆమె ఇంటివాళ్లు నాకోసం ప్రయత్నించి, దొరకక, ఆశా కార్యకర్త ఇంటికి మనిషిని పంపారు. కనుక మీ సిమ్ ఏ కంపెనీదో, అది వేటి మీద నడుస్తుందో తెలుసుకున్నాకే ఆ మార్పు చేయండి.

రెండోది, గదిలో చోటు. ఫోన్‌లో ఆ అంకె తెరిచి పెట్టుకుని గదంతా నెమ్మదిగా తిరగండి, ప్రతిచోటా అర నిమిషం ఆగండి. మా ఉపకేంద్రంలో బీరువా పక్కన మైనస్ 118 ఉంటే టీకాల పెట్టె పెట్టే కిటికీ దగ్గర మైనస్ 103 ఉంది. అప్పటి నుంచి ఫోన్ స్థానం ఆ కిటికీయే.

కొండబడి

పరీక్ష ఫలితాలు ఇవి. అన్నీ రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఐదు వరకు, 100 శాతం నుంచి మొదలు.

విమానం మోడ్‌లో 97 మిగిలింది. మొదటి సిమ్ ఒక్కటే ఉన్నప్పుడు 84. రెండో సిమ్ ఒక్కటే ఉన్నప్పుడు 76. శనివారం రాత్రి అనకాపల్లిలో రెండు సిమ్‌లతో 95.

ఈ అంకెలను కూడితే మొత్తం సరిపోతోంది. ఏ సిమ్ లేకుండా ఫోన్ సొంత ఖర్చు 3. మొదటి సిమ్ వల్ల అదనంగా 13, రెండో సిమ్ వల్ల అదనంగా 21. మూడూ కలిపితే 37, నేను ముందు కొలిచిన సగటు 38. ఆరు వారాల పాటు అప్‌డేట్‌ను తిట్టుకుంటూ తెరను చీకటి చేసుకున్నాను, తెరకూ దీనికీ సంబంధమే లేదు.

విజయనగరం వారు అడిగినట్టే రెండో సిమ్ కంపెనీకి మా ఊళ్లో టవర్ లేదు. కొండకు అవతల ఉన్నదేదో అప్పుడప్పుడు తగిలి పోతోంది. అంకె మైనస్ 119 నుంచి 124 మధ్య ఊగుతోంది, తరచుగా సేవ లేదు అని వస్తోంది. మొదటి సిమ్‌కు మంచం దగ్గర మైనస్ 116. తిర్యాణి వారు చెప్పినట్టు గదంతా తిరిగాను. బడి వైపు కిటికీ గట్టు మీద మైనస్ 104 ఉంది. పన్నెండు డీబీఎంల తేడా, అంటే దాదాపు పదహారు రెట్లు, నాలుగు అడుగుల దూరంలో.

ఒక సందేహం మాత్రం తీరలేదు. రాత్రి ఖర్చు తెలిసింది సరే, 18 శాతం ఉండగా మాట మధ్యలో ఫోన్ ఎందుకు ఆరిపోవాలి? విమానం మోడ్‌లో మూడు శాతమే దిగింది కనుక బ్యాటరీ బాగానే ఉన్నట్టు కాదా?

మరమ్మతు బల్ల, విజయవాడ

కాదు మాస్టారూ. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. విమానం మోడ్ పరీక్ష ఫోన్ ఎంత తాగుతోందో చెబుతుంది, కుండ ఎంత పెద్దదో చెప్పదు. ఇరవై రెండేళ్లుగా ఫోన్ల మరమ్మతు చేస్తున్నాను. నా బల్ల మీదకు వచ్చే మూడేళ్ల ఫోన్లలో బ్యాటరీ మొదటి సామర్థ్యంతో ఉన్నది అరుదు. లిథియం అయాన్ బ్యాటరీలు చాలా వాటిని 500 పూర్తి ఛార్జింగ్ చక్రాల తర్వాత సుమారు 80 శాతం సామర్థ్యం నిలిచేలా తయారు చేస్తారు. కొత్తగా వచ్చే కొన్ని 1000 చక్రాల వరకు తట్టుకుంటాయి. మీరు ఆరు వారాలుగా రోజుకు రెండుసార్లు నింపుతున్నారు.

ఆరిపోవడానికి కారణం సామర్థ్యం తగ్గడం ఒక్కటే కాదు. బ్యాటరీ పాతబడితే దాని లోపలి నిరోధం పెరుగుతుంది. అంకెల్లో చెబుతాను. 18 శాతం దగ్గర సెల్ వోల్టేజి 3.6 ఉందనుకోండి. నిరోధం 0.2 ఓమ్‌కు చేరిన పాత సెల్ నుంచి ఫోన్ ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగితే 0.4 వోల్టు అక్కడే పోతుంది, ఫోన్‌కు అందేది 3.2. చాలా ఫోన్లు ఆ దరిదాపుల్లో ప్రాణరక్షణగా ఆగిపోతాయి. బలహీనమైన సిగ్నల్‌లో కాల్ మాట్లాడడం, స్పీకర్ పెట్టడం, తెర వెలగడం, మూడూ కలిసిన క్షణంలో అలాంటి లాగుడే ఉంటుంది. మళ్లీ ఆన్ చేస్తే ఇంకా శాతం కనిపించి మనం ఆశ్చర్యపోతాము. చలి ఉంటే ఈ నిరోధం మరింత పెరుగుతుంది. మీది పాడేరు చలి కనుక డిసెంబరులో 25, 30 శాతం దగ్గరే ఆరిపోయినా ఆశ్చర్యం లేదు. పిల్లల ఆరోగ్యం విషయంలో ఆధారపడే ఫోన్‌ను ఆ స్థితిలో ఉంచవద్దని నా మనవి.

మార్చే ముందు దుకాణంలో రెండు పనులు చేయించండి. బ్యాటరీని బోర్డుకు కలిపే స్ట్రిప్ విప్పి ఫోన్‌ను పవర్ సప్లైకి తగిలించి, పవర్ మీట నొక్కకముందే ఆంపియర్ సూది కదులుతోందా అని చూడమనండి. కదిలితే బోర్డులో లీకేజీ ఉన్నట్టు, కొత్త బ్యాటరీ వేసినా అది తాగేస్తుంది. మీ విమానం మోడ్ ఫలితం చూస్తే అది ఉండదనే అనుకుంటున్నాను, అయినా రెండు నిమిషాల పని. తర్వాత విప్పిన పాత బ్యాటరీని టెస్టర్ మీద పెట్టి అసలు సామర్థ్యం ఎంతో కొలవమనండి.

కొత్త బ్యాటరీ మీద భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ఐఎస్ 16046 అన్న ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. అదే కొలతలో 7000 అని ముద్రించి తక్కువ ధరకు ఇస్తామంటే తీసుకోవద్దు. అంత చోటులో అది పట్టదు. పాతది ఉబ్బి ఉంటే, అంటే వెనుక మూత అంచు లేచినా, బల్ల మీద పెడితే ఫోన్ గిర్రున తిరిగినా, ఆ క్షణం నుంచి ఛార్జి పెట్టడం మానేయండి. నొక్కకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి, దుకాణంలోనే అప్పగించండి.

ఛార్జింగ్ గురించి ఒక్క మాట. పూర్తిగా ఖాళీ చేసి నింపాలన్న పాత సలహా నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది, లిథియంకు అది హాని. లిథియంకు అసలు శత్రువు వేడి. మీరు కిటికీ గట్టు అన్నారు కనుక భయం వేసింది. పగలు ఎండ పడే గట్టు మీద ఫోన్ పెట్టి ఛార్జి చేయకండి. దిండు కింద, దుప్పటి కింద అసలే వద్దు.

పరీక్షల పని, హైదరాబాద్

బ్యాకప్ యాప్ సంగతి నేను చెబుతాను. దాని సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా మీద బ్యాకప్ అనే మీటను ఆపి, వైఫై మీద మాత్రమే అని ఉంచండి. బడిలో ఇంటర్నెట్ తీగ ద్వారా వచ్చే వైఫై ఉంటే, మీ సిమ్ కంపెనీ అనుమతిస్తే, వైఫై కాలింగ్ కూడా పెట్టుకోండి. అప్పుడు కాల్ టవర్‌తో పని లేకుండా వైఫై మీదుగా వెళ్తుంది. వాట్సాప్‌ను మాత్రం కట్టడి చేయకండి, పిల్లల తల్లిదండ్రుల సందేశాలు ఆలస్యమవుతాయి, దానివల్ల మిగిలేది కూడా స్వల్పమే. ఫోన్ 5జిది అయితే ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లు 4జి వరకే ఉంచండి, లేని దాన్ని వెతికే పని తప్పుతుంది.

కొండబడి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, మన్నించండి. కొలవకుండా రాయకూడదని ఆగాను.

పాత బ్యాటరీతోనే ముందు సర్దుబాట్లు చేశాను. రెండో సిమ్‌ను సోమవారం నుంచి శనివారం వరకు ఆపి ఉంచుతున్నాను. ఆపే ముందు, సిగ్నల్ ఉన్న అనకాపల్లిలోనే, ఆ నంబరు అందకపోతే కాల్ మొదటి నంబరుకు మళ్లేలా పెట్టాను. కాల్స్ వస్తున్నాయి, సందేశాలు మాత్రం మళ్లవు. నా బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి కనుక అవసరమైనప్పుడు బడి మైదానం చివరకు వెళ్లి ఆ సిమ్ ఐదు నిమిషాలు తెరుస్తున్నాను. ఇలా చేయదలచిన వారు ఆ సంగతి ముందే చూసుకోవాలి. బ్యాకప్ వైఫైకి పరిమితం చేశాను. రాత్రి ఫోన్ కిటికీ గట్టు మీద ఉంటోంది, ఎండ రాకముందే తీసేస్తున్నాను. అంతే, మరేమీ మార్చలేదు, ఏదీ రీసెట్ చేయలేదు. తెల్లవారి ఐదింటికి 92 మిగులుతోంది.

తర్వాత అనకాపల్లిలో బ్యాటరీ విప్పించాను. పవర్ సప్లై మీద సూది కదలలేదు. పాత బ్యాటరీ కొలిస్తే 3850 వచ్చింది, అంటే 77 శాతం. ఉబ్బు లేదు. అప్పుడు నా మొదటి లెక్కలో ఒక తప్పు తెలిసింది. ఫోన్ చూపించే శాతం ఇప్పటి కుండలో శాతం, నేను దాన్ని మూడేళ్ల కిందటి కుండతో గుణించాను. 3850లో 38 శాతం 1463, గంటకు 183 అవుతుంది, 237 కాదు. విద్యార్థి ఇలా చేస్తే ఆధారం మార్చావు నాయనా అని మార్కులు తగ్గించేవాణ్ణి.

కొత్త బ్యాటరీతో రాత్రి దిగుతున్నది 6 శాతం. పగలు మామూలుగా వాడి రాత్రి పదింటికి 35 దాకా మిగులుతోంది. నిన్న కరెంటు పోయి ఈ రోజు మధ్యాహ్నం వరకు రాలేదు, ఫోన్ నిలిచింది. కావాలనే 15 శాతం వరకు దించి, మంచం దగ్గర కూర్చుని ఇంటికి ఫోన్ చేసి పన్నెండు నిమిషాలు మాట్లాడాను. ఆరిపోలేదు.

మిగిలినది ఘాట్ ప్రయాణం. పాడేరు నుంచి కిందికి దిగేటప్పుడు మలుపు మలుపుకూ సిగ్నల్ వచ్చి పోతూ 9 శాతం దాకా తింటోంది. బస్సు ఎక్కగానే ఇంటికి ఒక మాట చెప్పి విమానం మోడ్ పెడుతున్నాను.

టవర్ పని, విజయనగరం

ఘాట్‌లో అదే సరైన పని మాస్టారూ. ఘాట్ కింద ఉన్న మాడుగుల (మీ జి.మాడుగుల కాదు) దాటాక తీసేయండి, అక్కడి నుంచి అనకాపల్లి వరకు సిగ్నల్ నిలుస్తుంది.